ఒకే సర్వర్, పది మంది స్కాలర్లు: రీసెర్చ్ ల్యాబ్‌కి ఏ వర్చువలైజేషన్, దాన్ని ఎలా పరీక్షించాలి

యూనివర్సిటీ ల్యాబుల్లో తరచుగా కనిపించే ఏర్పాటు ఇది: ప్రాజెక్టు డబ్బుతో కొన్న ఒక సర్వర్, రెండు ప్రాసెసర్లు కలిపి 32 కోర్లు, 256 జీబీ ర్యామ్, ఒక జీపీయూ కార్డు, కొన్ని ఎస్‌ఎస్‌డీలు. వాడేవాళ్లు పది మంది. ఒకరి కోడ్ పాత ఉబుంటు మీదే కంపైల్ అవుతుంది. ఒకరి సాఫ్ట్‌వేర్ విండోస్ దాటి రాదు. ఇంకొకరు లైబ్రరీ అప్‌డేట్ చేసిన పూట మిగతా ముగ్గురి ప్రోగ్రాములు ఆగిపోతాయి. ఎవరి మెషిన్ వాళ్లకుంటే ఈ గొడవ ఉండదని వర్చువలైజేషన్ వైపు, అంటే ఒకే సర్వర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనేక వర్చువల్ మెషిన్లుగా (వీఎంలుగా) విడదీయడం వైపు, చూస్తే ఐదు పేర్లు ముందుకొస్తాయి: వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ, మైక్రోసాఫ్ట్ హైపర్-వి, ఎక్స్‌సీపీ-ఎన్‌జీ, ప్రాక్స్‌మాక్స్ వీఈ, మామూలు లినక్స్ మీద కేవీఎం.

ఫీచర్ల పట్టిక పెట్టి పోలిస్తే ఐదూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ల్యాబ్‌కి నిజంగా తేడా తెచ్చేవి మూడు ప్రశ్నలు. లైసెన్స్ డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది? జీపీయూనీ, యూఎస్‌బీ డాంగిల్‌నీ (సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌కి తాళంచెవిలా పనిచేసే పరికరం) వీఎంకి ఇవ్వగలమా? దీన్ని నిలబెట్టిన స్కాలర్ థీసిస్ ఇచ్చేసి వెళ్లిపోయాక వచ్చే మనిషి దీన్ని నడపగలరా? ఈ మూడో ప్రశ్నను చాలా ల్యాబులు అడగవు. నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

అసలు అవసరమా?

సర్వర్ మీద నడిచేది ఒకే పెద్ద సిమ్యులేషన్ అయి, అది 32 కోర్లూ వాడుకుంటుంటే హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ పొర) పెట్టకండి. మామూలు లినక్స్ వేసి, జాబుల వరసకు స్లర్మ్, లైబ్రరీల గొడవకు ఆప్టెయినర్ కంటెయినర్లు (ప్రోగ్రామ్‌ను దాని లైబ్రరీలతో కలిపి కట్టిన పొట్లాలు) పెట్టుకుంటే పని అయిపోతుంది. చూసుకోవాల్సిన పొర ఒకటి తగ్గినట్టే, పాడయ్యే పొర కూడా ఒకటి తగ్గుతుంది. వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు కావాలన్నా, స్కాలర్లకు రూట్ అధికారం ఇవ్వాల్సి వచ్చినా, పాత పరికరాన్ని నడిపే విండోస్‌ను కాపాడుకోవాలన్నా, లైసెన్స్ సర్వర్, డేటాబేస్ లాంటి చిన్న సేవలు విడివిడిగా ఉండాలన్నా వర్చువలైజేషన్ దానికి తగ్గ మేలు చేస్తుంది.

ఐదింటిలో ఏది ఎవరికి

చాలా ల్యాబులకు మా సలహా ప్రాక్స్‌మాక్స్. కారణాలు చెప్పే ముందు మిగతావి ఎక్కడ నెగ్గుతాయో, ఎక్కడ ఆగిపోతాయో చూద్దాం.

ఈఎస్‌ఎక్స్‌ఐ ఏళ్ల తరబడి అందరి మొదటి ఎంపిక. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక లెక్క మారింది. ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్స్ పోయి, కోర్ల లెక్కన సబ్‌స్క్రిప్షన్ వచ్చింది. ఒక్కో ప్రాసెసర్‌కి కనీసం 16 కోర్ల డబ్బు కట్టాలి. ప్రాజెక్టు గ్రాంటులో పరికరాల పద్దు ఒకసారి వస్తుంది, ఏటా కట్టే పద్దు ప్రాజెక్టుతోనే ముగుస్తుంది. మూడేళ్ల తర్వాత సబ్‌స్క్రిప్షన్‌కి డబ్బెక్కడిదన్న దానికి సమాధానం లేకపోతే ఈ దారి పట్టొద్దు. ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ 2024 ఫిబ్రవరిలో ఆగిపోయి, 2025 ఏప్రిల్‌లో 8.0 అప్‌డేట్ 3ఈ రూపంలో తిరిగి వచ్చింది. కానీ అందులో ఒక వీఎంకి 8 వీసీపీయూలు (వీఎంకి కనిపించే వర్చువల్ కోర్లు) మించి ఇవ్వలేం, వీసెంటర్‌లో (అనేక సర్వర్లను ఒకేచోటి నుంచి నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) చేర్చలేం, బ్యాకప్ సాఫ్ట్‌వేర్లకు కావాల్సిన ఏపీఐ తెరిచి ఉండదు. కంప్యూటేషన్ చేసే ల్యాబ్‌కి 8 వీసీపీయూల హద్దు ఒక్కటే చాలు, వద్దనుకోవడానికి. మీ క్యాంపస్ డేటా సెంటర్ ఇప్పటికే లైసెన్స్ కట్టి దీన్ని నడుపుతుంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు సొంత హోస్ట్ (వీఎంలు నడిచే సర్వర్) పెట్టకుండా వాళ్ల దగ్గరే వీఎం అడగండి.

హైపర్-వి ఎంచుకోవడానికి బలమైన కారణం ఒక్కటే: వీఎంలలో అధిక భాగం విండోస్ కావడం, సంస్థకు మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం ఉండడం. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్స్‌తో సర్వర్‌లోని కోర్లన్నిటికీ కట్టాక రెండు విండోస్ సర్వర్ వీఎంలకు హక్కు వస్తుంది. అంతకు మించి కావాలంటే మళ్లీ కట్టాలి, లేదా డేటాసెంటర్ ఎడిషన్ తీసుకోవాలి. ఉచితంగా వచ్చిన హైపర్-వి సర్వర్‌కి 2019 వెర్షనే ఆఖరిది, దాని సెక్యూరిటీ అప్‌డేట్లు 2029 జనవరితో ఆగిపోతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్ని ఎంచుకోకూడదు. ల్యాబులను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటి: హోస్ట్‌కి గుచ్చిన యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా వీఎంకి ఇచ్చే దారి హైపర్-విలో లేదు. సాఫ్ట్‌వేర్ డాంగిల్ మీద నడుస్తుంటే నెట్‌వర్క్ ద్వారా యూఎస్‌బీ పంపే పెట్టె విడిగా కొనాలి. జనరేషన్ 2 వీఎంలో (హైపర్-విలోని కొత్త రకం వీఎం) లినక్స్ బూట్ కాకపోతే సెక్యూర్ బూట్ టెంప్లేట్‌ను మైక్రోసాఫ్ట్ యూఈఎఫ్‌ఐ సర్టిఫికెట్ అథారిటీకి మార్చండి. సాధారణంగా అక్కడే చిక్కుకుంటుంది.

ఎక్స్‌సీపీ-ఎన్‌జీ గ్జెన్ అనే హైపర్‌వైజర్ మీద కట్టిన ఉచిత వ్యవస్థ, 2018లో గ్జెన్‌సర్వర్ నుంచి చీలింది. నిలకడైనది, బ్యాకప్ ఏర్పాట్లు బాగుంటాయి. దీన్ని హాయిగా నడపాలంటే గ్జెన్ ఆర్కెస్ట్రా అనే మేనేజ్‌మెంట్ వీఎం తోడు పెట్టుకోవాలి. సంప్రదాయంగా వచ్చే వీహెచ్‌డీ రకం వర్చువల్ డిస్కులు 2 టీబీ దాటవు. ఇమేజింగ్, సీక్వెన్సింగ్ డేటా ఉన్న ల్యాబ్ దాన్ని వర్చువల్ డిస్కులో కాకుండా ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ ద్వారా పంచుకునే ఫైల్ నిల్వ) పెట్టాలి. నాలుగైదు హోస్టులున్న విభాగానికి ఇది మంచి ఎంపికే. ఒక్క సర్వర్ ల్యాబ్‌కి దీనితో ప్రత్యేక లాభం లేదు.

కేవీఎం 2007 ఫిబ్రవరి నుంచి లినక్స్ కర్నెల్‌లో భాగం. డెబియన్ లేదా ఆల్మా లినక్స్ మీద లిబ్‌వర్ట్, కాక్‌పిట్ అనే మేనేజ్‌మెంట్ టూల్స్ వేసుకుంటే గంటలో వీఎం నడుస్తుంది. హోస్ట్ మీదే ఎన్‌విడియా డ్రైవర్, స్లర్మ్ నడుస్తూ, పక్కన రెండు మూడు వీఎంలు చాలనుకునేవాళ్లకు ఇదే సరైనది. అయితే బ్యాకప్, స్నాప్‌షాట్ల (డిస్కు ఆ క్షణపు స్థితిని పట్టి ఉంచేవి) గడువు, యూజర్ల హక్కులు అన్నీ స్క్రిప్టులతో మనమే కట్టుకోవాలి. ఆ స్క్రిప్టులు రాసిన మనిషి వెళ్లిపోతే వాటి అర్థం కూడా వెళ్లిపోతుంది. అన్సిబుల్ ప్లేబుక్‌లో (సర్వర్ సెట్టింగులు రాసిపెట్టే ఫైల్) రాసి గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే వ్యవస్థ) పెట్టే క్రమశిక్షణ ఉన్న ల్యాబే దీన్ని తీసుకోవాలి.

ప్రాక్స్‌మాక్స్ లోపల ఉన్నదీ ఆ కేవీఎమే. డెబియన్ పునాది, దాని మీద వెబ్ తెర, జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను కలిపి నడిపే ఫైల్ సిస్టమ్), ఎల్‌ఎక్స్‌సీ కంటెయినర్లు (హోస్ట్ కర్నెల్‌నే వాడుకునే తేలికైన లినక్స్ వ్యవస్థలు), బ్యాకప్, యూజర్ల హక్కులు అన్నీ కలిపి ఇస్తారు. 9వ వెర్షన్ 2025 ఆగస్టులో డెబియన్ 13 మీద వచ్చింది. డబ్బు కట్టకపోయినా ఏ ఫీచరూ మూసి ఉండదు. సబ్‌స్క్రిప్షన్‌తో వచ్చేది సపోర్ట్, ఎక్కువ పరీక్షించిన ప్యాకేజీల రెపాజిటరీ. కొత్తగా వేసినవాళ్లు మొదటి అప్‌డేట్‌లోనే 401 ఎర్రర్ చూస్తారు. ఎంటర్‌ప్రైజ్ రెపాజిటరీ ముందే పెట్టి ఉండడం వల్ల వచ్చేది అది. దాన్ని ఆపి నో-సబ్‌స్క్రిప్షన్ రెపాజిటరీ చేరిస్తే సరి. కొత్తగా వచ్చిన స్కాలర్ బ్రౌజర్‌లో 8006 పోర్టు తెరిచి రెండు రోజుల్లో పని నేర్చుకోగలరు, అడుగున ఉన్నది తెలిసిన లినక్సే. మూడో ప్రశ్నకు ఐదింటిలోకీ మెరుగైన జవాబు ఇదే.

రెండు సర్వర్లుంటే క్లస్టర్ (సర్వర్లను ఒకే వ్యవస్థగా కలపడం) కట్టాలనిపిస్తుంది. రెండింటితోనే కట్టొద్దు. ఒకటి పడిపోతే రెండోదానికి కోరం (నిర్ణయానికి కావాల్సిన ఓట్ల మెజారిటీ) ఉండదు, కాన్ఫిగరేషన్ అంతా చదవడానికే తప్ప మార్చడానికి వీలుపడని స్థితికి వస్తుంది, కొత్తగా వీఎం స్టార్ట్ కాదు. మూడో ఓటుకు ఒక చిన్న కంప్యూటర్ మీద క్యూడివైస్ పెట్టండి, లేకపోతే రెండింటినీ విడిగానే ఉంచి ఒకదాని బ్యాకప్ రెండోదానిలో దాచండి. సెఫ్ (అనేక సర్వర్ల డిస్కులను కలిపే నిల్వ వ్యవస్థ) జోలికి మూడు సర్వర్లూ 10 గిగాబిట్ నెట్‌వర్కూ లేకుండా వెళ్లొద్దు.

ఇన్‌స్టాల్ చేసే ముందు

బయోస్‌లో వీటీ-ఎక్స్ లేదా ఏఎండీ-వితో పాటు వీటీ-డి లేదా ఐఓఎంఎంయూ కూడా ఆన్ చేయాలి. మొదటిది ఉండి రెండోది లేకపోతే వీఎంలు నడుస్తాయి, జీపీయూ ఇవ్వడం మాత్రం కుదరదు. పెద్ద మెమరీ ఉన్న జీపీయూలకు అబవ్ 4జీ డీకోడింగ్ కూడా కావాలి. పవర్ ప్రొఫైల్‌ను పర్ఫార్మెన్స్‌కి మార్చండి. సర్వర్లు బ్యాలెన్స్‌డ్‌లో రావడం వల్ల కొలతలు రోజుకో రకంగా వస్తుంటాయి.

డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు డిస్కులు. రెయిడ్ కార్డును (డిస్కులను కలిపి ఒకటిగా చూపించే కార్డు) హెచ్‌బీఏ మోడ్‌లో పెట్టి డిస్కులను నేరుగా జెడ్‌ఎఫ్‌ఎస్‌కి చూపించండి. సిస్టమ్‌కి రెండు చిన్న ఎస్‌ఎస్‌డీల మిర్రర్ (ఒకే డేటా రెండింటిలోనూ ఉండే జత), వీఎంలకు నాలుగు ఎస్‌ఎస్‌డీలతో రెండు మిర్రర్ జతలు. నాలుగింటితో రెయిడ్‌జెడ్ (ఒక డిస్కంత జాగానే రక్షణకు వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ అమరిక) చేస్తే జాగా ఎక్కువొస్తుందని ఆశ పడతారు, కానీ వీఎంల చిన్న బ్లాకుల దగ్గర ప్యాడింగ్‌తో ఆ జాగా చాలావరకు కరిగిపోతుంది, ర్యాండమ్ రాతలూ నెమ్మదిస్తాయి. కరెంటు పోయినప్పుడు రాతను కాపాడే కెపాసిటర్లు ఉన్న ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలే కొనండి. టెండర్ స్పెసిఫికేషన్‌లో పవర్ లాస్ ప్రొటెక్షన్ అని స్పష్టంగా రాయకపోతే డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీలు వచ్చి చేరతాయి. అవి కాపీ వేగంలో బాగానే కనిపించి, డేటాబేస్ చేసే సింక్ రాతల (డిస్కులో పడ్డాయని తేలేదాకా ఆగే రాతలు) దగ్గర సెకనుకు కొన్ని వందలకు పడిపోతాయి.

ర్యామ్ లెక్క ముందే వేయండి. 256 జీబీలో హోస్ట్‌కి 8, జెడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్‌కి 16 నుంచి 32, కొంత మిగులు తీసేస్తే వీఎంలకు పంచగలిగేది 200 జీబీ చిల్లర. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో క్యాష్‌ను ర్యామ్‌లో 10 శాతానికి, గరిష్ఠంగా 16 జీబీకి పరిమితం చేస్తుంది. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయిన సర్వర్‌లో సగం ర్యామ్ దాకా తీసుకుని ఉండొచ్చు, చూసుకోండి. జీపీయూ ఇచ్చిన వీఎం తన ర్యామ్ మొత్తాన్ని స్టార్ట్ కాగానే పట్టేసుకుంటుంది, దాని దగ్గర బెలూనింగ్ (వాడని ర్యామ్‌ను హోస్ట్ తిరిగి తీసుకోవడం) పని చేయదు.

సీపీయూ విషయంలో ఒక సెట్టింగ్ మరిచిపోవద్దు. ప్రాక్స్‌మాక్స్ కొత్త వీఎంకి ఇచ్చే డిఫాల్ట్ సీపీయూ రకం ఏవీఎక్స్ అనే, లెక్కలు వేగంగా చేసే ప్రాసెసర్ సూచనలను వీఎంకి చూపించదు. టెన్సర్‌ఫ్లో 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని చచ్చిపోవడానికి, మాంగోడీబీ 5 స్టార్ట్ కాకపోవడానికి, నంపై ఊరికే నెమ్మదించడానికి కారణం ఇదే. రకాన్ని 'హోస్ట్' అని మార్చండి. వేరే తరం ప్రాసెసర్ ఉన్న సర్వర్‌కి వీఎంను నడుస్తుండగా తరలించే వీలు దీనితో పోతుంది, ఒక్క సర్వర్ ల్యాబ్‌కి ఆ నష్టం లేదు. వీఎంను 16 కోర్లలోపు, ఒక ప్రాసెసర్ వైపున్న 128 జీబీలోపు ఉంచితే మెమరీ కోసం రెండో ప్రాసెసర్ దాకా వెళ్లాల్సిన పని ఉండదు. లెక్కలు చేసే వీఎంలకు వీసీపీయూల మొత్తం అసలు కోర్ల సంఖ్యను దాటనివ్వొద్దు. ఊరికే కూర్చునే సేవలకు మూడు నాలుగింతలిచ్చినా ఫర్వాలేదు.

జీపీయూ, డాంగిల్, క్యాంపస్ నెట్‌వర్క్

జీపీయూని వీఎంకి పూర్తిగా ఇచ్చేస్తే ఆ కార్డు ఆ ఒక్క వీఎందే. యంత్రం రకం క్యూ35, ఫర్మ్‌వేర్ యూఈఎఫ్‌ఐ పెట్టి, కార్డులోని ఆడియో భాగాన్ని కూడా కలిపి ఇవ్వాలి. హోస్ట్ బూట్ అవుతూనే నూవో (ఎన్‌విడియా కార్డులకు లినక్స్‌తో వచ్చే) డ్రైవర్ కార్డును పట్టుకుంటే వీఎంకి అందదు. నూవోను బ్లాక్‌లిస్ట్ చేసి కార్డును వీఎఫ్‌ఐఓ అనే, పరికరాన్ని వీఎంకి అప్పగించే డ్రైవర్‌కి కట్టేయండి. ఐఓఎంఎంయూ గ్రూపులో (కలిపే ఇవ్వాల్సిన పరికరాల గుంపు) జీపీయూతో పాటు నెట్‌వర్క్ కార్డో, డిస్క్ కంట్రోలరో ఉంటే మొదట కార్డును వేరే స్లాట్‌కి మార్చి చూడండి.

ఒకే కార్డును నలుగురు పంచుకోవాలంటే దారులు మూడు. ఏ100, హెచ్100 కార్డులను మిగ్ పద్ధతిలో ఏడు ముక్కల దాకా విడదీయొచ్చు. రెండోది ఎన్‌విడియా వీజీపీయూ (కార్డును సాఫ్ట్‌వేర్‌తో వీఎంలకు పంచడం), దానికి విడిగా లైసెన్స్ కట్టాలి. మామూలు కార్డు ఉన్న ల్యాబ్‌కి మూడో దారే గతి: హోస్ట్ మీద డ్రైవర్ వేసి ఎల్‌ఎక్స్‌సీ కంటెయినర్లకు కార్డును పంచడం. హోస్ట్‌లోనూ కంటెయినర్‌లోనూ డ్రైవర్ వెర్షన్ అచ్చంగా ఒకటే ఉండాలి, అందుకే డ్రైవర్ ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపి పెట్టండి. మెమరీ హద్దు మాత్రం ఎవరికీ ఉండదు, ఒకరు కార్డు మెమరీ అంతా నింపేస్తే మిగతావాళ్ల జాబులు పడిపోతాయి.

ఫ్లెక్స్ఎల్‌ఎం లాంటి లైసెన్స్ ఫైళ్లను చాలాసార్లు మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ముడిపెడతారు. వీఎంను క్లోన్ చేసినా, వేరే హైపర్‌వైజర్‌కి తరలించినా కొత్త మ్యాక్ వచ్చి లైసెన్స్ పని చేయదు. లైసెన్స్ సర్వర్‌కి ఒక చిన్న వీఎం విడిగా పెట్టి, మ్యాక్‌ను చేత్తో రాసి స్థిరం చేయండి.

క్యాంపస్ నెట్‌వర్క్‌లో వచ్చే చిక్కు ఇంకో రకం. స్విచ్ పోర్టుకి ఒకటే మ్యాక్ అనుమతి ఉంటే, బ్రిడ్జ్ (వీఎంలను నేరుగా క్యాంపస్ నెట్‌వర్క్‌కి కలిపే వర్చువల్ స్విచ్) మీద రెండో వీఎం స్టార్ట్ కాగానే పోర్టు మూసుకుపోయి హోస్ట్‌తో సహా అన్నీ మాయమవుతాయి. హైపర్‌వైజర్ చెడిందనుకుని రోజులు పోగొట్టుకుంటారు. కంప్యూటర్ సెంటర్‌కి ముందే రాసి, ఎన్ని మ్యాక్‌లు కావాలో అడగండి, లేదా వీఎంలను ఎన్‌ఏటీ (అన్ని వీఎంలూ హోస్ట్ చిరునామాతోనే బయటికి వెళ్లే పద్ధతి) వెనక పెట్టండి. మేనేజ్‌మెంట్ పేజీనీ, ఐపీఎంఐనీ (సర్వర్‌ను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే యంత్రాంగం) బయటి ఇంటర్నెట్‌కి తెరవొద్దు. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ ర్యాన్సమ్‌వేర్ కొట్టింది ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచి, రెండేళ్ల కిందటే వచ్చిన ప్యాచ్ వేయని సర్వర్లను.

పరీక్షలు: యూజర్లను ఎక్కించే ముందు

వీఎంలో కొలిచే ముందు అదే సర్వర్ మీద హైపర్‌వైజర్ లేకుండా, లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి మీ సొంత ప్రోగ్రామ్ ఎంతసేపు నడుస్తుందో రాసుకోండి. పోల్చడానికి ఆ అంకె లేకపోతే తర్వాతి కొలతలకు అర్థం లేదు. మెమ్‌టెస్ట్‌ను (ర్యామ్ పరీక్ష) రాత్రంతా వదిలేయండి. పాత సర్వర్ కొన్నవాళ్లు దీన్ని అస్సలు దాటేయొద్దు. తర్వాత స్ట్రెస్-ఎన్‌జీతో అన్ని కోర్లనూ నాలుగు గంటలు నింపి ఉష్ణోగ్రత, కోర్ వేగం చూడండి. సాయంత్రం ఏసీ ఆపేసే గదిలో ఉంటే ఈ పరీక్ష ఏసీ ఆపిన తర్వాతే చేయాలి.

అదే ప్రోగ్రామ్‌ను వీఎంలో ఐదుసార్లు నడిపి మధ్యలో పడే విలువ తీసుకోండి. తేడా 5 శాతం లోపుంటే వదిలేయండి. 10 దాటితే సీపీయూ రకం, ప్రాసెసర్ల మధ్య మెమరీ చీలిక, హ్యూజ్ పేజీలు (మెమరీని పెద్ద ముక్కలుగా ఇవ్వడం) ఈ వరసలో వెతకండి. తర్వాత అన్ని వీఎంలలోనూ ఒకేసారి నడపండి. లినక్స్ వీఎంలో టాప్ కమాండ్ చూపించే 'ఎస్‌టీ' అంకె (వీఎం సీపీయూ కోసం ఆగిన సమయం, శాతంలో) 5 దాటి నిలబడిందంటే వీసీపీయూలు ఎక్కువ పంచేశారని.

డిస్కుకి ఎఫ్‌ఐఓ వాడండి. 4కే బ్లాకు, ర్యాండమ్, 70 శాతం చదవడం 30 శాతం రాయడం, క్యూ డెప్త్ (ఒకేసారి వరసలో ఉంచే అభ్యర్థనలు) 32, ఐదు నిమిషాలు. రెండో పరీక్ష క్యూ డెప్త్ 1తో, ప్రతి రాత తర్వాత ఎఫ్‌సింక్‌తో. ఈ రెండోదే మీ ఎస్‌ఎస్‌డీ అసలు సత్తా చెబుతుంది. ఫైల్ సైజు క్యాష్ కంటే బాగా పెద్దదిగా, అంటే క్యాష్ 16 జీబీ అయితే 64 జీబీ ఇవ్వండి. చిన్న ఫైల్‌తో కొలిస్తే ర్యామ్ వేగం కనిపించి, డిస్క్ అద్భుతంగా ఉందనిపిస్తుంది. డీడీ కమాండ్‌తో సున్నాలు రాసి కొలిస్తే జెడ్‌ఎఫ్‌ఎస్ కంప్రెషన్ వాటిని మింగేస్తుంది, ఆ అంకె దేనికీ పనికిరాదు. నెట్‌వర్క్‌కి ఐపెర్ఫ్3 చాలు. 10 గిగాబిట్ మీద 9.4 దగ్గరికి రాకపోతే వీఎం కార్డు వర్ట్‌ఐఓ (వీఎంల కోసమే చేసిన వేగమైన రకం) కాకుండా ఈ1000గా (పాత కార్డుకి అనుకరణ) ఉందేమో చూడండి. విండోస్ వీఎంకి ఇన్‌స్టాలేషన్‌లోనే వర్ట్‌ఐఓ ఐఎస్‌ఓ తగిలించకపోతే డిస్కే కనిపించదు. ఈఎస్‌ఎక్స్‌ఐ నుంచి తెచ్చిన విండోస్‌ను మొదట సాటా డిస్కుతో బూట్ చేసి, డ్రైవర్ వేశాక వర్ట్‌ఐఓకి మార్చండి.

ఇక చెడగొట్టే పరీక్షలు. మీ డేటా ఏ మేరకు భద్రమో వీటితోనే తేలుతుంది. రాతలు జోరుగా సాగుతుండగా ఒక మిర్రర్ డిస్కును లాగేయండి. వీఎంలు ఆగకూడదు, ఈమెయిల్ రావాలి. చాలాచోట్ల ఈమెయిల్ రాదు, ఎందుకంటే క్యాంపస్ మెయిల్ రిలే సర్వర్‌ను ఎవరూ పెట్టి ఉండరు. కొత్త డిస్క్ పెట్టి రీసిల్వర్‌కి (డేటాను కొత్త డిస్కులో తిరిగి నింపడం) ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తర్వాత, పరీక్ష డేటా మాత్రమే ఉన్నప్పుడు, పవర్ కేబుల్ పీకేయండి. తిరిగి వచ్చాక డేటాబేస్ దానంతటది లేవాలి. వీఎం డిస్క్ క్యాష్ మోడ్ 'అన్‌సేఫ్' అని పెట్టి ఉంటే ఇక్కడ బయటపడుతుంది.

యూపీఎస్‌ను యూఎస్‌బీతో హోస్ట్‌కి కలిపి, ఎన్‌యూటీ (యూపీఎస్‌ను గమనించి సర్వర్‌ను మూసే సాఫ్ట్‌వేర్) పెట్టి, మెయిన్స్ ఆపి చూడండి. అన్ని వీఎంలూ మూసుకోవడానికి ఏడు నిమిషాలు పట్టి, బ్యాటరీ ఐదు నిమిషాలే నిలిస్తే ఎన్‌యూటీ ఉన్నా ప్రయోజనం లేదు. గెస్ట్ ఏజెంట్ (వీఎం లోపల ఉండి హోస్ట్ ఆదేశాలు అందుకునే ప్రోగ్రామ్) లేని విండోస్ వీఎంలే సాధారణంగా ఆలస్యం చేస్తాయి.

స్నాప్‌షాట్ అదే డిస్కు మీద ఉంటుంది కాబట్టి దాన్ని బ్యాకప్‌గా లెక్కపెట్టొద్దు. పాత డెస్క్‌టాప్‌లో రెండు 8 టీబీ డిస్కులు మిర్రర్ చేసి ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేసి, వీలైతే వేరే భవనంలో పెట్టండి. రాత్రి బ్యాకప్ 'ఓకే' అని చూపించడం సరిపోదు. నెలకోసారి ఒక వీఎంను కొత్త నంబరుతో, నెట్‌వర్క్ తెంచి, రీస్టోర్ చేసి లోపలి ఫైల్ ఒకటి తెరిచి చూడాలి. ఈ పని మొదటిసారి చేయాల్సింది సర్వర్ కట్టిన స్కాలర్ కాదు, వాళ్ల తర్వాత దాన్ని చూసుకోబోయే జూనియర్. పక్కన ఎవరూ లేకుండా, రాసి పెట్టిన కాగితం మాత్రమే చూసి చేయాలి. ఆ కాగితంలో ఐపీఎంఐ చిరునామా, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ కీ ఎక్కడుంది, ఏ మ్యాక్ ఏ లైసెన్స్‌ది, ఏ స్లాట్‌లో ఏ డిస్క్ సీరియల్ నంబరు ఉంది అన్నవి ఉండాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ కాగితాన్ని సరిచేసి, మళ్లీ మొదటి నుంచి చేయించండి.